నారుబండికి ఆయిల్ మార్చిన వైనం

బండి పుస్తకంలో నారు సంగతులు, నీళ్ళ సంగతులు తప్ప మరేమీ రాయకూడదని నియమం. ఆ నియమం పెట్టింది నేనే కాబట్టి తప్పే హక్కు కూడా నాకే ఉంది. రాస్తున్నది శేషారత్నం, ఏడో నంబరు నారుబండి. వయసు డెబ్బై మూడు. చూపు బాగానే ఉంది. వినికిడి నాకు అవసరమైనంత ఉంది.

మీటరు 4,18,190. వెలుగుకి దూరం 41 కి.మీ.

రాగి నారు తట్టలు అరవై, వరి నారు తట్టలు నలభై. మూడో అరలో వరి నారు రెండాకు వేసింది. దీపాల చుట్టూ ఉన్న మెరుపు రేకులు తుడిచాను. నీళ్ళు పెడుతుంటే గరిటె చేతిలో వణికింది. ముసలితనం అనుకుని సర్దుకోబోయాను. కానీ అరికాళ్ళు కూడా వణికాయి. అంటే వణుకు నాది కాదు, బండిది.

చెవి నేలకి ఆనించి విన్నాను. ఒక మూలుగు. ఇంజనుది కాదు, గేరుబాక్సుది కాదు. ఆ రెంటి వెనక కూర్చుని, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ బలం పంచిపెట్టే ట్రాన్స్‌ఫర్ కేసుది. పంపకాలు చేసి కూడా తిట్లు తినని పెట్టె లోకంలో అదొక్కటే. అందులో ఆయిల్ మార్చి ఆరేళ్ళయింది.

బండి తోలేది మేఖల, నా కూతురి కూతురు. ఇరవై ఆరేళ్ళు.

"మేఖలా, కింద మూలుగుతోంది, విన్నావా?"

"నిన్నట్నుంచే వింటున్నా అమ్మమ్మా. నువ్వు నిద్దట్లో మూలుగుతున్నావనుకున్నా."

పెంపకం నాదే. ఎవర్ని అనేందుకూ లేదు.

మీటరు 4,18,230. వెలుగుకి దూరం 41 కి.మీ.

మూలుగు ఏడుపయింది. వైర్‌లెస్‌లో వరస పెద్దకి చెప్పాం. వరస పెద్ద జోగినాథం నా మరిది. ఇరవై రెండు బండ్లు, రెండువందల పన్నెండు మంది అతని మాట మీద నడుస్తారు. నేను రెండువందల పదమూడో మనిషిని.

"ఆగాల్సిందేనా వదినా?"

"ఆగక్కర్లేదయ్యా. నువ్వొచ్చి కదిలే బండి కింద పడుకుని మార్చిపెట్టు."

మా వరస ఆగదు. గంటకి అయిదు కిలోమీటర్లు, పడమటికి. మా వెనక సూర్యోదయం కూడా గంటకి అయిదే. ఈ లోకం అంత నెమ్మదిగా తిరుగుతుంది, మేం దానికన్నా ఒక్క అడుగు కూడా వెనకబడకుండా నడుస్తాం. ఎండ తగిలిందంటే గడ్డకట్టిన నేల కరిగి బురదవుతుంది. ఆ బురద ఎంత లోతో కొలిచినవాళ్ళు చెప్పడానికి తిరిగి రాలేదు. అందుకే నాలుగు తరాలుగా ఈ ఎర్రటి ముందువెలుగులోనే పుట్టి, ఇందులోనే పెళ్ళిళ్ళు చేసుకుని, ఇందులోనే పోతున్నాం. సూర్యుణ్ణి చూసినవాళ్ళు మాలో ఎవరూ లేరు. చూస్తే కళ్ళు పోతాయని బళ్ళో పిల్లలకి చెప్తాం. ముప్పై ఏళ్ళు ఆ పాఠం నేనే చెప్పాను.

మరమ్మతు వస్తే ఒక పద్ధతుంది. ఆ బండి వరసని దాటి ముందుకు ఉరుకుతుంది. పది కిలోమీటర్లు ముందుకెళ్ళి ఆగితే వరస వచ్చి కలిసేలోపు రెండు గంటలు మిగుల్తాయి. ఏ పనైనా ఆ రెండు గంటల్లో అవ్వాలి.

జోగినాథం సరేనన్నాడు. మెకానిక్ దస్తగిరిని మా బండెక్కించాడు. వెనకే తన చిట్టిబండి వేసుకుని తనూ బయల్దేరాడు. నారుబండి అంటే అతనికి భయం. ఈ నారు పోతే వచ్చే పంట లేదు, ఎవరికీ.

మీటరు 4,18,247. వెలుగుకి దూరం 51 కి.మీ.

ఆగాం. నేల చదునుగా ఉంది, గుండు పెడితే దొర్లదు. దస్తగిరి కిందకి దూరాడు.

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక మొహాన రెండు ప్లగ్గులుంటాయి, ఒకటి పైన, ఒకటి కింద. కిందది విప్పితే పాత ఆయిల్ కారిపోతుంది. పైదాన్లోంచి కొత్తది పోస్తారు. నిండి అంచు దాటి కారడం మొదలయితే చాలినట్టు లెక్క. పెట్టె అల్యూమినియం, ప్లగ్గులు ఇనుము. పనల్లా ఇంతే. చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడం ఇంతకన్నా కష్టం.

కింది ప్లగ్గు మొదటి పట్టుకే వచ్చింది. ఆయిల్ నల్లగా, మాడిన వాసనతో దిగింది. స్టీలు పళ్ళెంలో పట్టి చూశాను. అభ్రకం నలిపి కలిపినట్టు తళుకు. అదంతా పళ్ళు అరిగిన గేర్ల పొడి.

"ఇంకో వంద కిలోమీటర్లు పోయుంటే పట్టేసేదే మేడం," అన్నాడు దస్తగిరి. అతను నా దగ్గర చదువుకున్నవాడు. ఇప్పటికీ నా ముందు చేతులు వెనక్కి పెట్టుకుంటాడు.

జోగినాథం పాత ఆయిల్ కొలిచి డబ్బాలో పోసుకుని, అంతే కొలతలో కొత్తది ఇచ్చాడు. పాతది పోస్తేనే కొత్తది. ఇది వరస నియమం.

మీటరు 4,18,247. వెలుగుకి దూరం 46 కి.మీ.

పై ప్లగ్గు రావడం లేదు.

దస్తగిరి పానా వేశాడు. పానాకి పైపు తొడిగాడు. పైపు మీద తను వేలాడాడు. తర్వాత తనూ మేఖలా కలిసి వేలాడారు. బండి ఊగింది, ప్లగ్గు ఊగలేదు. సుత్తితో కొట్టాడు. అల్యూమినియంలో ఇనుము ఆరేళ్ళు కూర్చుంటే రెండూ ఒకదాన్నొకటి కొరికి పట్టుకుంటాయట.

"ముందు పైది వస్తుందో రాదో చూసుకుని తర్వాత కిందది విప్పాల మేడం," అన్నాడు నేల మీదే కూర్చుని. "పైది రాకపోయినా అప్పుడు పాత ఆయిల్‌తోనే నడిచేటోళ్ళం. ఇప్పుడు ఉన్నదీ పోయె."

"మరెందుకు విప్పావు కిందది ముందు?"

అతను పానా తుడుచుకున్నాడు. మర్యాద తెలిసినవాడు. జోగినాథానికి ఆ బాధ లేదు.

"ఎందుకంటావేంటి వదినా? పాతది పోస్తేనే కొత్తది. నియమం ఎవరు పెట్టారు?"

నేను పెట్టాను. ముప్పై ఏళ్ళ కిందట ఇతని పెళ్ళాం, నా తోటికోడలు, రెండు డబ్బాల కొత్త ఆయిల్ మంచం కింద దాచింది. అప్పుడు పెట్టాను. దొంగతనం ఆపడానికి చేసిన నియమం ప్లగ్గులు విప్పే వరసని మార్చేసిందని ఈ ముప్పై ఏళ్ళలో నాకు తట్టలేదు. తక్కిన బండ్లలో పై ప్లగ్గు వచ్చేసింది కాబట్టి ఎవరికీ తట్టలేదు.

"మంచం కింద దాచింది ఎవరయ్యా?" అన్నాను. అని ఊరుకోవాల్సింది కాదు, ఆమె పోయి నాలుగేళ్ళయింది. జోగినాథం నవ్వాడు గానీ తల దించుకుని నవ్వాడు.

మీటరు 4,18,247. వెలుగుకి దూరం 41 కి.మీ.

వరస వచ్చింది. ఆగకుండానే మమ్మల్ని దాటిపోతోంది. ఒక్కో బండి పక్కనే నడుస్తూ నారు తట్టలు కిటికీల్లోంచి అందించాం. ముప్పై మూడు ఎక్కాయి. తక్కినవాటికి చోటు లేదు, దీపాలూ లేవు. దీపం వెచ్చదనం లేని చోట ఈ చలికి నారు రెండు గంటలు కూడా బతకదు.

కట్టి లాగొచ్చు కదా అంటారు. చక్రాలతోపాటు ఎండిన గేర్లూ తిరిగి పొడవుతాయి. షాఫ్టులు విప్పి లాగుదామంటే మా బండి బరువు లాగే బండి ఈ వరసలో లేదు. పెట్టెలో గాలి పోయే సన్నగొట్టంలోంచి ఆయిల్ పోసి చూశాడు దస్తగిరి. ఈ చలికి అది పాకంలా ఉంది. అరగంటకి ఒక చెంచా దిగింది.

జోగినాథం వరసని దస్తగిరికి అప్పగించాడు. దస్తగిరి వెళ్ళనన్నాడు.

"పోరా, ఇరవై ఒక్క బండ్లకి నువ్వొక్కడివే మెకానిక్కువి," అన్నాను.

తన పెద్ద పానా, పైపు మేఖల చేతిలో పెట్టి పరుగెత్తి ఆఖరి బండి ఎక్కాడు. వెనక్కి చూస్తూనే వెళ్ళాడు.

మీటరు 4,18,247. వెలుగుకి దూరం 22 కి.మీ.

మీటరు అంకె ఇన్నిసార్లు ఒకేలా రాయడం నా జన్మలో ఇదే. రాస్తుంటే చెయ్యి తప్పు చేస్తున్నట్టుంది.

మేమిద్దరం, జోగినాథం, అతని చిట్టిబండి. అతను మమ్మల్ని ఎక్కించుకుపోవడానికే ఉన్నాడు. చిట్టిబండికి రెండు చక్రాలకే బలం. బురద మొదలయితే ముందు దిగబడేది అదే.

"ఎక్కండి. వెలుగు పదిహేనుకొచ్చేదాకా చూశామంటే చాలు," అన్నాడు.

"బండి మీద మాట తోలేవాళ్ళది చిన్నతాతా. నీ నియమమే," అంది మేఖల. పైపు పట్టుకుని మళ్ళీ కిందకి దూరింది. అరచేతులు చిట్లి ఉన్నాయి. గుడ్డ చుట్టుకుంది.

"నీ మనవరాలు మొండిది వదినా."

"నువ్వు మెత్తగా ఉన్నావుగా, సరిపోయింది."

మీటరు 4,18,247. వెలుగుకి దూరం 4 కి.మీ.

జోగినాథం అడగడం మానేశాడు. తూర్పుకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఇందాకటి దాకా ఎర్రగా ఉన్న ఆకాశం పసుపు పచ్చగా మారింది. ఇంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఈ పుస్తకంలో నా పాత రాతలు తిరగేశాను. ఇన్నాళ్ళూ నల్లసిరా అనుకుంటున్నది నిజానికి నీలం.

పిల్లని చెయ్యి పట్టి లాక్కెళ్ళి చిట్టిబండి ఎక్కించాలి. నాకు తెలుసు. అరవై ఏడు తట్టలు కిటికీలోంచి కనిపిస్తున్నాయి. వాటి వైపు చూడకుండా రాస్తున్నాను.

మీటరు 4,18,247. వెలుగుకి దూరం 0.

కళ్ళు పోలేదు.

ముందు ఒక దారం. కాల్చిన ఇనుప తీగ లాంటిది, నేల అంచు మీద. అది పక్కలకి సాగింది. అంతలో మా ముందు నేలంతా ఒక్కసారి మెరిసింది. ప్రతి మంచు రవ్వా, ప్రతి గులకరాయీ విడివిడిగా. ఇంతకాలం నేల అంటే ఒక్కటే అనుకున్నాను, అందులో ఇన్ని ఉన్నాయని తెలియదు.

నేను నేరుగా చూడలేక, నారు దీపాల దగ్గరి మెరుపు రేకు ఒకటి తెచ్చి అందులో చూశాను. మేఖల వేళ్ళ సందుల్లోంచి చూసింది. జోగినాథం తిరగలేదు. వీపు పెట్టుకునే ఉన్నాడు.

"వదినా," అన్నాడు. "నా ముందు ఎవరో పడుకున్నారు."

నీడ. అతని కాళ్ళ దగ్గర మొదలై పడమటి అంచు దాకా పోయింది. మాకు దీపాల నీడలు తెలుసు, మూరెడు, బారెడు. ఇది కిలోమీటర్లు. అతను మెల్లగా చెయ్యెత్తాడు. ఎక్కడో దూరాన, మేం ఇంకా చేరని నేల మీద, ఒక చెయ్యి లేచింది. జోగినాథం చెయ్యి దించాడు, మళ్ళీ ఎత్తాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి.

మీటరు 4,18,247. వెలుగు మమ్మల్ని దాటి 5 కి.మీ.

చప్పుడు వినిపిస్తోంది. నేల మీద నీళ్ళు కదిలే చప్పుడు. మట్టికి వాసన ఉంటుందని నేను చెప్పిన పాఠాల్లో ఎక్కడా లేదు. చాలా బాగుంది. చిట్టిబండి చక్రం రెండు వేళ్ళు దిగింది.

"ఇక పదండి," అన్నాడు జోగినాథం. ఈసారి నేను కూడా లేచాను.

బండి కింద మేఖల ఉంది. ఆమె రావడం లేదు. వంగి చూశాను. పైనుంచి పడే వెలుగైతే బండి కిందికి రాదు. కానీ నేల అంచున ఉన్న సూర్యుడి వెలుగు పడుకుని వస్తుంది. వెనక చక్రాల మధ్య నుంచి దూరి తిన్నగా ఆ పెట్టె మొహాన పడుతోంది. మేఖల అరచెయ్యి దాని మీద పెట్టి ఉంది.

"అమ్మమ్మా, పెట్టె వెచ్చగా ఉంది."

వేడికి లోహాలు పెరుగుతాయి. అల్యూమినియం ఎక్కువ, ఇనుము తక్కువ. ఎనిమిదో తరగతి, నాలుగో పాఠం. ముప్పై ఏళ్ళు చెప్పాను, పరీక్ష పెట్టాను, తప్పు రాసినవాళ్ళని నిలబెట్టాను. మేం పుట్టినప్పటి నుంచీ బయటి గాలి ఒకే చలి. ఏ వస్తువూ పెరగ్గా ఎవరం చూడలేదు. అది పుస్తకంలో ఉండే సంగతి అనుకున్నాం తప్ప బండి కింద ఉండే సంగతి అనుకోలేదు.

"రేకులు!" అని అరిచాను. "దీపాల దగ్గరివన్నీ ఊడదీయండి!"

"నారు?" అంది మేఖల.

"నారుకి దీపమెందుకే, తలుపులు తెరువు!"

మీటరు 4,18,247. వెలుగు మమ్మల్ని దాటి 10 కి.మీ.

పన్నెండు మెరుపు రేకులు వెనక చక్రాల పక్కన మట్టిలో గుచ్చాం. ఒక్కోదాన్నీ వంచి, తిప్పి, అది పట్టిన వెలుగుని పెట్టె మీదికి తోశాం. పన్నెండు సూర్యుళ్ళు ఒక్కచోట. ప్లగ్గుకి మాత్రం తడిగుడ్డ చుట్టి చల్లగా ఉంచాను. పెట్టె పెరగాలి, ప్లగ్గు పెరక్కూడదు.

జోగినాథం రేకు పట్టుకుని మోకాళ్ళ మీద ఉన్నాడు. మోకాళ్ళు మట్టిలోకి పోయాయి.

"చెయ్యి వణికించకయ్యా, వెలుగు చెదురుతోంది."

"వణికేది నేను కాదు వదినా, నేల."

నిజమే. కింద ఎక్కడో మంచు విరుగుతోంది.

అల్యూమినియం మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కాక గుడ్డ లాగేశాను. మేఖల పానా వేసి పైపు తొడిగింది. నేనూ పట్టుకున్నాను. జోగినాథం వచ్చి పట్టుకున్నాడు. ముగ్గురం కలిసి వేలాడాం.

టక్ మని చిన్న చప్పుడు. వేలు విరిచినంత. పైపు పావు చుట్టు తిరిగింది.

మేఖల మిగతా చుట్లు చేత్తోనే తిప్పింది. ప్లగ్గు అరచేతిలోకి వచ్చింది. కింది ప్లగ్గు బిగించి కొత్త ఆయిల్ పోశాం. పాకం కాస్తా ఎండకి నీళ్ళలా దిగింది. నిండింది. అంచు దాటి ఒక చుక్క మేఖల మొహం మీద పడింది. ఆమె తుడుచుకోలేదు.

మీటరు 4,18,249. వెలుగు మమ్మల్ని దాటి 13 కి.మీ.

లో గేరు, నాలుగు చక్రాలూ. చిట్టిబండిని తాడేసి వెనక కట్టుకున్నాం, జోగినాథం అందులో స్టీరింగ్ పట్టుకుని దేవుళ్ళందరినీ పేర్లు పెట్టి పిలుస్తున్నాడు. ఒకచోట మా ముందు చక్రాలు రెండూ మునిగాయి. మునిగాయా, ట్రాన్స్‌ఫర్ కేసు మారుమాట లేకుండా బలాన్ని వెనక్కి పంపింది. వెనక చక్రాలు గట్టి మంచు వెతికి పట్టుకున్నాయి. లేచాం. కింద నుంచి మూలుగు లేదు.

వేణ్ణీళ్ళు. ఇప్పుడు తోచింది. రెండు చెంబుల వేణ్ణీళ్ళు పెట్టె మీద పోసి ఉంటే మొదటి గంటలోనే ప్లగ్గు వచ్చేది. మేఖలకి చెప్పాను.

"అప్పుడే తోచనందుకు ఏడుస్తున్నావా అమ్మమ్మా?"

"కాదే."

మీటరు 4,18,260. వెలుగు మమ్మల్ని దాటి 6 కి.మీ.

నేల గట్టిపడింది. జోగినాథం తాడు విప్పుకుని తన బండిలో ముందు పోతున్నాడు. గంటకి పద్నాలుగు. నేను వెనక తలుపు దగ్గర తట్టల మధ్య కూర్చుని తూర్పుకి చూస్తున్నాను.

సూర్యుడు దిగుతున్నాడు. లేచినచోటే, తూర్పునే. మేం అతని కన్నా వేగంగా పోతున్నాం కాబట్టి ఎక్కినంత మేరా వెనక్కి దిగుతున్నాడు. ఇది కూడా లెక్క ప్రకారం జరగాల్సిందే. లెక్క నాకు వచ్చు. అయినా తట్ట అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

నారు అంతా అటే వంగి ఉంది. అరవై ఏడు తట్టలూ. దీపం కింద పుట్టిన మొక్కలు, ఎవరూ నేర్పలేదు.

మీటరు 4,18,271. వెలుగుకి దూరం 1 కి.మీ.

దారమంత మిగిలి, అదీ పోయింది. ఎప్పటి ఎర్రదనమే వచ్చింది. వైర్‌లెస్‌లో దస్తగిరి కేకలు వేస్తున్నాడు, నలభై కిలోమీటర్ల ముందు నుంచి. ఉన్నామని చెప్పాం. అటు వైపు ఎంతమంది ఏడ్చారో, చెవి నొప్పెట్టింది.

అంతలో ముందు పోతున్న చిట్టిబండి ఆగింది. మేఖల బ్రేకు వేసింది. జోగినాథం దిగి, బండి పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏమైందయ్యా? ఆయిలా?"

"ఏం కాలేదు వదినా." అతను మా వైపు చూడలేదు, మమ్మల్ని దాటి తూర్పుకి చూస్తున్నాడు. నాలుగు తరాల్లో అవసరం లేకుండా బండి ఆపిన వరస పెద్ద ఇతనొక్కడే. "కాసేపు ఆగితే మళ్ళీ వస్తుంది గదా?"

"పన్నెండు నిమిషాల్లో," అన్నాను.

మేఖల ఇంజను ఆపింది.

మీటరు 4,18,271. వెలుగుకి దూరం 0.

వచ్చింది.